లంబసింగి చలిలో మా చేతులు

ధనుర్మాసమున తెల్లవారుజామున లేచి, చన్నీటితో కల్లాపి చల్లి, వాకిట ముగ్గు పెట్టిన వారికి చలి మొదట పట్టునది చేతివ్రేళ్ళనే యని వేరుగ చెప్పనక్కరలేదు. పిండి జారవలసిన చోట జారదు. బొటనవ్రేలి మాట చూపుడువ్రేలు వినదు. అయినను ముగ్గు వంకర పోయినచో నష్టమేమియు లేదు, చెరిపి మరల దిద్దుకొనవచ్చును. అవే చేతులతో మోటారు సైకిలు పట్టుకొని కొండదారి నెక్కునప్పుడు సంగతి వేరు. 2023వ సంవత్సరము డిసెంబరు నెలాఖరున మేము లంబసింగికి పోయి, కొంత భయపడియు, కొంత నవ్వులపాలైయు ఈ సంగతి నేర్చుకొంటిమి.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి మండలమున నున్న చిన్న గ్రామము. నర్సీపట్నమునుండి సుమారు 30 కిలోమీటర్లు. అందు మంచిభాగము అడవి నడుమ మలుపులు తిరుగుచు పైకెక్కు ఘాటుదారి. ఊరు సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల యెత్తున నుండుటచేతను, చుట్టును కొండలుండి చల్లనిగాలి రాత్రియంతయు పల్లమున నిలిచిపోవుటచేతను, డిసెంబరు, జనవరి నెలలలో అచ్చటి వేకువ మిక్కిలి చల్లగ నుండును. ఒక్కొక్కనాడు ఉష్ణోగ్రత సున్న దాపునకును దిగును. చింతపల్లిలోని వ్యవసాయ పరిశోధన స్థానమువారు కొలిచిన అంకెలు పత్రికలలో వచ్చుటయే తడవుగ విశాఖపట్టణమునుండియు, ఇతర పట్టణములనుండియు జనులు మంచు చూచుటకై పరుగులు తీయుదురు. ఈ యూరికి కొర్రబయలు అని మరియొక పేరు గలదు. రాత్రి బయట నిలిచిన మనుష్యుడు తెల్లవారునప్పటికి కొర్రువలె, అనగా కర్రవలె, బిగిసిపోవునని దాని యర్థమట. ఆ పేరు వినియు మేము చేతులను గూర్చి యాలోచింపకపోవుట మా తెలివితక్కువ.

మేము నలుగురము. ఒక మోటారు సైకిలుపైన దంపతులమిద్దరము. రెండవదానిపైన మా మరిది. అతని భార్య, మా తోడికోడలు, తన స్కూటరుపైన. భర్తవెనుక కూర్చుండుమని అందరును చెప్పినను ఆమె యొప్పుకొనలేదు. "ఊళ్ళో రోజూ ఇరవై కిలోమీటర్లు నడిపేదాన్ని, కొండకు మాత్రం మూటలాగా కూర్చోనా?" యనెను. ఆ మాట మాకును నచ్చెను.

ముందునాటి రాత్రి నర్సీపట్నమున మా పెద్దమ్మగారి యింట బస చేసితిమి. ఆమె చింతపల్లిలో పదునాలుగేండ్లు ఉపాధ్యాయినిగ పనిచేసి యిప్పుడు విశ్రాంతి తీసుకొనుచున్నది. మేము చాల ధరపెట్టి కొన్న తోలు చేతితొడుగులను దీపము క్రింద అటునిటు త్రిప్పి చూచి, ఆమె మెచ్చుకొనలేదు. "బిగుతుగా ఉన్నాయే. లోపల గాలి నిలవడానికి చోటేదీ?" అని యడిగెను. పిమ్మట పెట్టెలోనుండి పాత ఉన్నిమేజోళ్ళు నాలుగు జతలు తీసి, వాని ముందుకొసలను కత్తెరతో కత్తిరించి మా చేతికిచ్చి, "వీటిని ముంజేతులకు తొడుక్కోండి. స్వెట్టరు మీద గాలి దూరని కోటు వేసుకోండి. చెయ్యి వెచ్చగా ఉండాలంటే ముందు రొమ్ము వెచ్చగా ఉండాలి, మెడ వెచ్చగా ఉండాలి" అని చెప్పెను. కాళ్ళకు తొడుగుకొను మేజోళ్ళను చేతులకు తొడుగుకొని ఫోటోలు దిగుటెట్లని మాలో మేము నవ్వుకొని, ఆమె మనసు నొవ్వకుండుటకై వానిని సంచి యడుగున వేసితిమి.

తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరితిమి. కోతలైన వరిచేల మీదుగ వచ్చు గాలి మొదట హాయిగనే యుండెను. మా వాహనమునకు కట్టిన చిన్న ఉష్ణమాపకము 14 డిగ్రీలు చూపెను. ఘాటుదారి మొదలైన పిమ్మట రెండువైపుల చెట్లు కమ్ముకొనెను. మలుపు మలుపునకును అంకె దిగజొచ్చెను. కొంతదూరము పోయిన పిదప మంచు దారికడ్డముగ తెరవలె దిగెను. దీపపు వెలుగులో సన్నని నీటిబిందువులు ఎగిరి వచ్చి హెల్మెట్టు అద్దము మీదను, తొడుగుల మీదను వ్రాలుచుండెను. వెనుక కూర్చున్నవారి చేతులు ముందువారి కోటుజేబులలో తలదాచుకొనవచ్చును. నడుపువారి చేతుల కా భాగ్యము లేదు. గాలికి మొదట ఎదురుపోవునవి అవే.

మావారికి మొదట వ్రేళ్ళు మండెనట. పిమ్మట సూదులు గ్రుచ్చినట్లు నొప్పి. ఆ పిమ్మట నొప్పి పోయెను. చేతులు చలికి అలవాటు పడినవని వారు సంతోషించిరి. అదియే మోసము.

ఒకచోట దారి కొంచెము పల్లమునకు వాలెను. మంచులో దారియంచున నొక జీపు నిలిచియున్నది. దాని వెనుక దీపము మేము మిక్కిలి చేరువకు వచ్చువరకు కనబడలేదు. మావారు కాలిబ్రేకు త్రొక్కి బండి నిలిపిరి. వెనుకనున్న మా తోడికోడలి స్కూటరు మాత్రము నిలువక, మమ్ము దాటి, దారి విడిచి, కొండవైపు నున్న మురుగుకాలువ మట్టిలోనికి దిగి యాగెను. ఆమె దానిని లోయవైపునకు త్రిప్పియున్నచో నేమయ్యెడిదో వ్రాయుటకు మాకిప్పటికిని చేయి యాడదు.

ఆమెకు దెబ్బ తగులలేదు. రెండు చేతులును హ్యాండిలుపైననే యుండెను. "అక్కా, బ్రేకు పట్టుకున్నాననే అనుకున్నాను. వేళ్ళు దాని మీదే ఉన్నాయి. నొక్కానో లేదో నాకే తెలియలేదు" అనెను. ఎప్పటినుండి యిట్లున్నదని యడుగగా, "ఘాటు మొదలైనప్పటి నుంచీ తిమ్మిరిగానే ఉంది. నా కోసం అందరినీ ఆపడమెందుకులే అనుకున్నాను" అనెను. జ్వరము వచ్చినను వంట ముగించి మరీ పండుకొను మన యిండ్లలో ఈ మాట క్రొత్తది కాదు. మా మరిది మాత్రము చాలసేపు మాటలాడలేదు.

మోటారు సైకిలునకు వెనుకబ్రేకు కాలిక్రింద నుండును. చేయి మోసగించినను కాలు కొంత ఆదుకొనును. మన ఆడువారు ఎక్కువగ నడుపు గేర్లులేని స్కూటర్లకు రెండు బ్రేకులును చేతులలోనివే. కాబట్టి చలిదారిన వ్రేళ్ళను కాపాడుకొనుట మగవారికంటె మనకే ముఖ్యము. ఈ సంగతి ఆనాటి వరకు మాలో నొక్కరికిని తోచలేదు.

జీపువారు దారిప్రక్కన నెగడు వేసుకొని యుండిరి. మా తోడికోడలు తొడుగులు లాగివేసి చేతులు మంటమీదికి చాపెను. వ్రేళ్ళు రెండవ కణుపువరకు కొవ్వొత్తులవలె తెల్లబారియుండెను. అచ్చట కూర్చున్న యొక ముసలి గిరిజనుడు చటుక్కున ఆమె చేతులను వెనుకకు త్రోసి, "మొద్దుబారిన చెయ్యికి మంట తెలవదమ్మా, కాలిపోద్ది. చంకలో పెట్టుకో" అనెను. సంక్రాంతి చలి చంకలెత్తనీయదని మన పెద్దలు చెప్పు సామెత చలి తీవ్రతను గూర్చినదని మాత్రమే యింతకాలము అనుకొంటిమి. అది వైద్యము కూడ ననుకొనలేదు. ఆమె అట్లు చేతులు ముడుచుకొని పది నిమిషములు కూర్చుండగా తెలుపు నీలమై, నీలము ఎరుపై, నొప్పితో కన్నీరు వచ్చెను. నెత్తురు తిరిగి వచ్చుచున్నదని ముసలివాడు తల యూపెను.

వ్రేళ్ళిట్లు చలికి తెల్లబడి, నీలమై, ఎరుపెక్కుటను 1862లో మారిస్ రేనాడ్ అను ఫ్రెంచి వైద్యుడు వర్ణించెను. ఆయన పేరే దానికి నిలిచినది. ఇది పురుషులకంటె స్త్రీలయందే ఎక్కువగ కానవచ్చును. తిరిగివచ్చిన పిమ్మట మా తోడికోడలు వైద్యురాలికి చూపించుకొనగా, ఆమెకు గలది అదియే యనియు, ఆమె విషయమున ప్రమాదకరము కాకున్నను చలిలో బండి నడుపునప్పుడు తక్కినవారికంటె ముందుగ ఆగవలెననియు చెప్పెను. ఫ్రిజ్జిలోనుండి పాలగిన్నె తీసినను వ్రేళ్ళు తెల్లబడు సోదరీమణులున్నచో, కొండదారి సంగతి యటుండ, ముందొకసారి వైద్యులతో మాటలాడుట మంచిది.

పెద్దమ్మ చెప్పిన మాటయందలి సూక్ష్మము మాకు నెగడు దగ్గర తెలిసెను. శరీరము చలికి జంకినప్పుడు గుండె మొదలగువానిని కాపాడుకొనుటకై, వ్రేళ్ళలోని సన్నని రక్తనాళములను ముడిచి నెత్తురును లోనికి మరల్చుకొనును. కట్టెలు తక్కువైననాడు ఇల్లాలు వసారాలోని కుంపటి నార్పి వంటింటి పొయ్యిని నిలుపుకొనును గదా, అట్లే. చేతితొడుగు వేడిని పుట్టింపదు. నెత్తురు తెచ్చిన వేడిని పోనీయక నిలుపుట మాత్రమే దాని పని. రొమ్మును మెడను చలిగాలికి వదలి, చేతులకు మాత్రము ఎంత ఖరీదైన తొడుగు వేసినను, అది ఖాళీకుండకు మూత పెట్టినట్లే. ఇక ముంజేతుల మాట. వ్రేళ్ళలో కండలు లేవు. వానిని ముడుచుటకును చాచుటకును పనిచేయు పెద్దకండలు ముంజేతిలోనే యున్నవి. వైద్యులు నాడి చూచు మణికట్టుచోట రక్తనాళము చర్మమునకు మిక్కిలి దగ్గరగ నుండును. కోటుచేతికిని తొడుగునకును నడుమ రెండంగుళముల సందున్నచో, చలిగాలి సరిగ నచ్చటనే నెత్తురును చల్లార్చి వ్రేళ్ళకు పంపును. కొసలు కత్తిరించిన మేజోళ్ళు ఆ సందును కప్పుటకే.

గాలియొక్క పనిని గూర్చియు కొంత చెప్పవలెను. నిలిచియున్నప్పుడు మన చర్మము చుట్టును పలుచని వెచ్చని గాలిపొర యుండును. బండి వేగము దానిని క్షణక్షణము ఊడ్చుకొనిపోవును. 1939–41 నడుమ అంటార్కిటికాకు పోయిన అమెరికావారి యాత్రలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అను వారిరువురు చిన్న గొట్టములో నీరుపోసి గాలిలో వ్రేలాడదీసి, గాలి హెచ్చినకొలది నీరెంత వేగముగ గడ్డకట్టునో కొలిచిరి. ఆ త్రోవను సవరించి అమెరికా, కెనడా దేశములవారు 2001లో తీసికొనిన లెక్కప్రకారము, 5 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి తగిలినచో చర్మమునకు సున్న డిగ్రీలవలెను, 60 కిలోమీటర్ల గాలి తగిలినచో సున్నకు రెండు డిగ్రీలు దిగువవలెను తోచును. ఇది తెరచియున్న ముఖమునకు వేసిన లెక్క. చేతులకిదియే సరిపోవునని చెప్పలేము. మంచుతో తడిసిన తొడుగు మాత్రము ఇంకను చెరుపు చేయును, ఏలయన నీరు గాలికంటె ఇరువదిరెట్లకు పైగ వేడిని లాగుకొనును. మా తోలుతొడుగులు పిండినచో నీరు కారునట్లుండెను.

మా మరిది తన తొడుగుల నారబెట్టుటకని వేడి సైలెన్సరుపైన నుంచెను. రెండు నిమిషములలో కాలిన వాసన వచ్చి, అరచేతిలో రూపాయి బిళ్ళంత చిల్లు పడెను. అందులో చేయి లేనందుకు మేము సంతోషించితిమి. పిదప అతడు చలికని సిగరెట్టు వెలిగింపబోగా, పొగాకు వ్రేళ్ళలోని రక్తనాళములను మరింత ముడుచునని మావారు దానిని లాగి మంటలో వేసిరి. మా తోడికోడలు అప్పుడు మొదటిసారిగ నవ్వెను.

సంచి యడుగునుండి మేజోళ్ళు బయటికి వచ్చెనని వేరుగ వ్రాయవలయునా? నలుగురమును వానిని మణికట్టునుండి మోచేతివరకు లాగుకొని, కోటులక్రింద పత్రికకాగితములు మడచి రొమ్మునకడ్డముగ పెట్టుకొంటిమి. మా తోడికోడలి స్కూటరును మావారు తీసికొనిరి. వారి మోటారు సైకిలు మా మరిదికి దక్కెను, అతని బండి మాత్రము జీపువారి కుర్రవాడొకడు ఊరివరకు తోలిపెట్టెను.

లంబసింగి చేరునప్పటికి తూర్పు తెల్లబడెను. మంచు ఎంత దట్టముగ నుండెననగా, దారికిరువైపుల నున్న టీ దుకాణముల దీపములు నీటిలో మునిగినట్లుండెను. సెలవుదినమగుటచే జనము తిరునాళ్ళవలె వచ్చియుండిరి. ఒకవైపు వెదురుబొంగులలో కోడిమాంసము కాల్చు పొగ, ఒకవైపు ఫోటోల సందడి. మేము టీ గ్లాసులను రెండు చేతులతో పొదివి పట్టుకొని, త్రాగుటకంటె కాచుకొనుటకే యెక్కువసేపు గడిపితిమి. ఆ జనసమ్మర్దములో నిలువలేక తాజంగి వైపునకు కదలితిమి. అచ్చటి జలాశయము మీద ఆవిరివలె మంచు లేచుచుండగా ఎండ మొదటి గీత పడెను. చూడదగిన దృశ్యమే. కాని మా మనసంతయు అప్పటికిని మా చేతులమీదనే యుండెను.

చింతపల్లి దారిలో సిల్వర్ ఓకు చెట్లు నిటారుగ లేచియున్నవి. వాని మ్రాకులకు మిరియపు తీగలు ప్రాకియున్నవి. ఆ నీడలో కాఫీచెట్లు. ఈ మన్యపు కాఫీలో నొకటియైన అరకులోయ అరబికాకు 2019లో భౌగోళిక సూచిక లభించినది. అది పండ్లు కోయు కాలము. నడుమునకు బుట్టలు కట్టుకొని ఆరేడుగురు స్త్రీలు కోయుచుండిరి. ఆకులన్నియు మంచునీటితో నిండియున్నవి. కొమ్మ వంచినప్పుడెల్ల నీరు చేతులమీదుగ మోచేతివరకు జారుచున్నది. వారికి తొడుగులు లేవు. తొడుగులున్నను పనికి రావట. పండిన యెర్రని కాయను మాత్రము గిల్లి, పచ్చిదానిని కొమ్మకే విడువవలెను గనుక వ్రేళ్ళు తెరచియుండవలెనని ఒకామె చెప్పెను. ఆమె తల, చెవులు, మెడ మందపు తువాలుతో చుట్టుకొనియున్నది. రొమ్మునకు మగవాని పాత కోటు, పైన బిగించి కట్టిన దుప్పటి. చేతులు మాత్రము వట్టివి. చలి వేయుట లేదా యని యడుగగా, "గుండె కప్పుకుంటే చెయ్యి ఆడతాది. ఆడకపోతే కాసేపు ఇక్కడ" యని నవ్వుచు చేతులు చంకలలో దోపుకొని చూపెను. అర్ధగంటకొకసారి వారందరును అట్లే చేసి, చేతులను గుండ్రముగ పదిమారులు విసరి, మరల పనిలోనికి దిగుచుండిరి. అట్లు విసరునప్పుడు నెత్తురు వ్రేలికొసలకు తోసుకొని వచ్చును. మేమును దారిప్రక్క నిలిచి విసరితిమి. వారు మమ్ము చూచి చాలసేపు నవ్విరి.

ఈ కొండలలో దారులు ఏర్పడినదియు వట్టిచేతులతోనే. బ్రిటిషువారి కాలమున మన్యపు జనులచేత చాలీచాలని కూలికి ఘాటుదారుల పని చేయించిరి. 1922లో అల్లూరి సీతారామరాజు నడపిన తిరుగుబాటునకు గల కారణములలో నదియు నొకటి. ఆయన అనుచరులతో కూడ మొదట ముట్టడించినది ఈ చింతపల్లి పోలీసుఠాణానే, ఆ యేడు ఆగస్టు 22న. మేము వేడుకకు వచ్చి వ్రేళ్ళు తిమ్మిరెక్కెనని వాపోవుచున్న దారిమీదనే యివన్నియు జరిగెనని మావారు చెప్పుచుండగా, మేమెవ్వరమును మారుపలుకలేదు.

ఎక్కుటకంటె దిగుటలో బ్రేకుపని యెక్కువ. కావున తొందరపడక, చింతపల్లి బజారులో ఉన్నితొడుగులు నాలుగు జతలు కొంటిమి. తడి సంగతి యేమని యాలోచించుచుండగా మా తోడికోడలికి గిన్నెలు తోమునప్పుడు తొడుగుకొను రబ్బరుతొడుగులు కంటబడెను. పెద్దకొలతవి తీసికొని ఉన్నితొడుగులపైన తొడుగుకొంటిమి. గాలియు దూరదు, నీరును దూరదు. చూపునకు మాత్రము పసుపుపచ్చని బాతుకాళ్ళవలె నుండెను. బిగుతుగ లేకుండుట ముఖ్యము. వ్రేళ్ళు లోపల కదలవలెను. బజారులోనే బండి నిలిపి బ్రేకు, క్లచ్చి పదిసార్లు నొక్కి చూచి, జారుట లేదని తెలిసికొనిన పిమ్మటనే బయలుదేరితిమి. హ్యాండిలునకే సంచివలె తగిలించు కప్పులును, విద్యుత్తుతో వేడెక్కు పట్టులును దొరకునని అంగడివాడు చెప్పెను. ఏటేట చలిదేశములలో తిరుగువారికవి మేలే కాని, ఒక్కనాటి ముచ్చటకు మా వంటింటి తొడుగులే చాలెను.

ప్రతి యైదు కిలోమీటర్లకును ఆగితిమి. ఆగుమని ముందుగ చెప్పవలసినది మా తోడికోడలే యని మా మరిది నియమము పెట్టెను. చలికి జంకి హ్యాండిలును బిగబట్టినకొలది అరచేతిలోని నెత్తురు ఇంకిపోవునని తెలిసి, వదులుగ పట్టుకొనుట నేర్చుకొంటిమి. ఆమె తన స్కూటరును తానే నడుపుకొని ఘాటు దిగెను. సగము దారిలో ఎండ వచ్చి, నేల కనబడి, కోటులు ఒక్కొక్కటిగ విప్పవలసి వచ్చెను.

మధ్యాహ్నమునకు నర్సీపట్నము చేరినప్పుడు పెద్దమ్మ మా పసుపుపచ్చని చేతులను చూచి ఏమియు ననలేదు. మేజోళ్ళు ఏడు మాత్రమే తిరిగి వచ్చెను. ఎనిమిదవది ఎక్కడ జారిపోయెనో తెలియలేదు. "తాజంగిలోనా, చింతపల్లిలోనా?" యని ఆమె యడిగెను, మా తోడికోడలు, కాఫీతోట దగ్గర చేతులు విసరుకొన్నప్పుడై యుండునని చెప్పెను. పెద్దమ్మ లోపలికి పోయి, మరియొక పాతజత తెచ్చుకొని, కళ్ళద్దములు పెట్టుకొని, దాని కొసలు కత్తిరింప మొదలుపెట్టెను.